సాఫ్ట్‌వేర్‌కీ పూడిక తీయాలి

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా పూతరేకే గుర్తొస్తుంది. 2023లో మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జారుగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, వేడెక్కిన కుండ మీద ఒక్కసారి పరిచి, రెప్పపాటులో రేకు లాగే ఆడవాళ్ళ చేతుల గురించి ఇదివరకే చాలామంది చెప్పారు. నేను ఆ తర్వాతి పని దగ్గర మొదలుపెడతాను. రేకు చుట్టి పెట్టెలో సర్దాక పెట్టె మీద లేబుల్ అంటించాలి. అందులో వేసిన సరుకుల పేర్లు, నికర బరువు, తయారైన తేదీ, ఎన్నాళ్ళలోగా తినాలో ఆ గడువు, శాకాహారమని తెలిపే పచ్చ గుర్తు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన లైసెన్సు నంబరు, ఇవన్నీ దాని మీద ఉండాలి. బిల్లు కొట్టాలి. సరుకు హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్తుంటే పార్సిలు చీటీ తీయాలి. పొయ్యి దగ్గర పని ఎప్పటిలాగే ఉంది గాని, పొయ్యి దాటాక ప్రతి పనీ ఇప్పుడు కంప్యూటరు మీదే.

ఆ కంప్యూటర్లో నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఒక రకం గురించి ఇవాళ మాట్లాడతాను. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. లోపల ఎలా రాశారో తెరిచి చూడొచ్చు. మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు. ఇందులో ఏదీ దొంగతనం కాదు. రాసినవాళ్ళే ఆ మేరకు అనుమతిపత్రం రాసి మరీ వదిలారు. దీన్ని ఓపెన్ సోర్స్ అంటున్నారు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని కూడా అంటారు. బళ్ళో లెక్కలు చెప్పి విరమించిన నేను ఈ ఊళ్ళో దీన్ని వాడతాను, అడిగినవాళ్ళ కంప్యూటర్లలో ఎక్కిస్తాను, ఆగిపోతే వెళ్ళి చూస్తాను. అందులో ఎదురైన మంచీ కష్టమూ రెండూ చెప్పాలని ఉంది.

ఇది మాకెందుకు, మేమెప్పుడూ వాడలేదే అనుకుంటున్నారేమో. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే దాని అడుగున నడిచేది లినక్స్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థే. పెళ్ళి వీడియో ఏ పెన్‌డ్రైవ్‌లో వచ్చినా, ఏ రూపంలో వచ్చినా ఆడించేసే వీఎల్‌సీ ప్లేయరు ఉంది చూశారూ, నారింజ రంగు శంఖువు గుర్తుది, దాన్ని 1996లో ప్యారిస్ దగ్గర ఎకోల్ సాంత్రాల్ అనే ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మొదలుపెట్టారు. పిల్లలు ప్రాజెక్టు కోసం తెరిచే వికీపీడియా నడిచేది మీడియావికీ మీద. అదీ ఓపెన్ సోర్సే. కాబట్టి వాడాలా వద్దా అన్న ప్రశ్న ఎప్పుడో దాటిపోయాం. వాడుతున్న సంగతి తెలుసుకుని వాడుతున్నామా అన్నదే మిగిలింది.

తెలుగు అక్షరం సంగతి కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద ప్రేమ పుట్టింది అక్కడే. పాతికేళ్ళ కిందట డీటీపీ సెంటర్లో కొట్టించిన శుభలేఖ ఫైలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇవాళ తెరిచి చూడండి. అక్కర్లేని గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అర్థంలేని చుక్కలు కనిపిస్తాయి. అప్పటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చేవి. ఏ కంపెనీ ఫాంటు అయితే ఆ కంపెనీ అమరిక. ఒక షాపులో కొట్టిన పేజీ ఇంకో షాపులో తెరుచుకునేది కాదు. ఎన్నో గ్రామ చరిత్రలు, గుడి కైఫీయతులు, బడి వార్షికోత్సవ సంచికలు అలా చదవరాని ఫైళ్ళుగా మిగిలిపోయాయి. 1991లో వచ్చిన యూనికోడ్ అనే ఉమ్మడి పద్ధతి తెలుగు అక్షరాలకు తమవైన అంకెలు ఇచ్చింది. కానీ అంకెలు ఇస్తే సరిపోదు కదా. ఆ అంకెలను అక్షరాలుగా చూపించే ఫాంట్లు కావాలి, టైపు చేసే దారి కావాలి, పాత ఫైళ్ళను కొత్త పద్ధతిలోకి మార్చే సాధనం కావాలి.

ఈ మూడు పనులూ చాలావరకు జీతం లేకుండా జరిగాయి. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ వదిలారు. వెన్న నాగార్జున గారు పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ప్రోగ్రాం రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు తొలి అడుగు వేసింది కూడా ఆయనే. ఆ పద్మ ఆధారంగా వీవెన్ గారు 'లేఖిని' కట్టారు. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడుతుంటే పక్కనే తెలుగు అక్షరాలు పడే ఆ పేజీలోనే ఎంతోమంది తెలుగువాళ్ళు జీవితంలో మొదటిసారి కంప్యూటరు మీద సొంత భాష రాసుకున్నారు. ఒకరు తెరిచి ఇచ్చిన ప్రోగ్రాం మీద ఇంకొకరు మరో మెట్టు కట్టగలగడమే ఈ పద్ధతి గొప్పదనం. పద్మ లోపలి రాత మూసి ఉంటే లేఖిని అంత తొందరగా వచ్చేది కాదు.

ఆ తర్వాత 'తెలుగు విజయం' పేరుతో సిలికానాంధ్ర చొరవ మీద ఒక వరస ఫాంట్లు వచ్చాయి. మండలి, గిడుగు, గురజాడ, సూరన్న, పెద్దన, ధూర్జటి, రామభద్ర లాంటివి. అవీ అందరివే. గూగుల్ ఫాంట్లలో దొరుకుతాయి. మా వీధిలో ఒక పూతరేకుల దుకాణం లేబుల్‌ను వీటితోనే కూర్చాం. దుకాణం పేరు మందంగా కనబడాలి గనక రామభద్ర. కింద చిన్న అక్షరాలకు మండలి. బొమ్మ గీయడానికి ఇంక్‌స్కేప్ అనే ప్రోగ్రాం, అది కూడా ఓపెన్ సోర్సే. నిజానికి ప్యాకెట్ ఆహారం మీద చట్టం అడిగే వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగు మన ఇష్టం. దుకాణం నడిపే ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "మా అత్తగారికి ఇంగ్లీషు రాదండి మాస్టారూ, రేకులు తీసేది ఆవిడ. పెట్టె మీద ఏం రాసుందో ఆవిడ చదువుకోవద్దా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లేబుల్లో పైసగం తెలుగుకే ఇచ్చాం.

ఇక్కడ ఎవరికీ కనిపించని ఒక పనివాడి సంగతి చెప్పాలి. 'ఆత్రేయపురం' అన్న మాటలో రెండో అక్షరం చూడండి. మనం టైపు చేసే వరసలో ముందు త వస్తుంది, తర్వాత పొల్లు, తర్వాత ర, చివర ఏత్వం. కాని తెర మీద ఏత్వం చివర పడకూడదు. వెనక్కి వచ్చి త తల మీద కూర్చోవాలి. ర తన రూపం వదిలేసి వత్తుగా మారి త పక్కన కిందుగా ఒదగాలి. ఇంగ్లీషుకు ఈ బాధ లేదు. మన అక్షరాల కోసం ఈ సర్దుబాటంతా చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రేఆఫీస్‌లో అక్షరాలు కూర్చేది అదే. మా ఊరి పేరు ఫోనులో విరగకుండా కనబడుతోందంటే దాని చలవే. దాని పేరు తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో ఎంతమంది ఉంటారో గాని, దాని పని చూడనివాళ్ళు మాత్రం లేరు.

లోపలి రాత మూసి ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో తెలుగువాళ్ళకు దగ్గరగానే తెలిసింది. 'జ్ఞా' అన్న అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో, అంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో, మెసేజ్‌గా వస్తే ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోయేవి. విజ్ఞానంలో, జ్ఞాపకంలో ఉండే అక్షరం అది. ప్రపంచం మొత్తం దాన్ని తెలుగు అక్షరపు బాంబు అని చెప్పుకుంది. కొద్ది రోజుల్లో కంపెనీ కొత్త వెర్షన్ పంపి సరిచేసింది, కాదనను. కాని ఆ కొద్ది రోజులూ మన అక్షరం మనకే ప్రమాదంగా ఉంటే, అందులో తప్పెక్కడుందో చూడగలిగే హక్కు తొమ్మిది కోట్లకు దగ్గరగా ఉన్న తెలుగువాళ్ళలో బయటివాళ్ళెవరికీ లేదు. ఓపెన్ సోర్స్‌లో తప్పులు ఉండవని నేను అనను. ఉంటాయి. ఎక్కడున్నాయో వెతకడానికి తలుపు తీసి ఉంటుంది, అంతే. ఆ తేడా మనలాంటి భాషలవాళ్ళకు ఇంగ్లీషువాళ్ళకంటే ఎక్కువ అవసరం. పెద్ద కంపెనీకి తెలుగు చివరి వరసలో ఉండే పని. మనకు అదే మొదటి పని.

ఇక పాత కంప్యూటర్ల సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. దాని తర్వాతి వెర్షన్ ఎక్కాలంటే కంప్యూటరులో ఫలానా భద్రతా చిప్పు ఉండాలని నియమం పెట్టారు. దాంతో చక్కగా పనిచేస్తున్న యంత్రాలు కూడా పనికిరానివాటి లెక్కలోకి వెళ్ళాయి. ఇలాంటి యంత్రాలు చిన్న ఊళ్ళ జిరాక్సు షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో, ఇళ్ళలో చాలా ఉన్నాయి. వాటిలో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే వ్యవస్థ ఎక్కిస్తే మళ్ళీ లేచి కూర్చుంటాయి. అంతకన్నా పాతవైతే ఇంకా తేలికైన లుబుంటు. ఉత్తరాలకు, లెక్కల పట్టికలకు లిబ్రేఆఫీస్ ఉంది. ఇంటర్నెట్‌కు ఫైర్‌ఫాక్స్ ఉంది. పదో తరగతి పిల్లవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక తల్లి వచ్చి, "వీడికి కొత్తది కొనే స్తోమత లేదండి, దీన్ని ఏమైనా చెయ్యగలరా?" అని అటక మీది లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టినప్పుడు నాకు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను. ముందుగా ఫొటోలూ కాగితాలూ వేరే డిస్కులోకి తీయించి, ఆ తర్వాతే చెయ్యి వేస్తాను.

అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దుకాణం లెక్కలు టాలీలో రాసేవాళ్ళను నేను లినక్స్‌కు మారమని అడగను. టాలీ విండోస్ మీద నడిచేది. మన ఆడిటర్లు, గుమాస్తాలు దానికే అలవాటు పడ్డారు. జీఎస్టీ గడువు దగ్గర పడ్డప్పుడు కొత్త పద్ధతి నేర్చుకోమనడం న్యాయం కాదు. వేలిముద్ర తీసుకునే యంత్రాలు, డిజిటల్ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటి పరికరాలు కూడా చాలావరకు విండోస్‌నే దృష్టిలో పెట్టుకుని తయారవుతున్నాయి. ప్రభుత్వ సేవల కేంద్రం నడిపేవాళ్ళకు అవి లేకపోతే పొద్దు గడవదు. ఇది పౌరులకు అవసరమైన పని కాబట్టి ఏ కంప్యూటరు మీదైనా నడిచేలా తయారుచేయించడం ప్రభుత్వాల బాధ్యత అని నా అభిప్రాయం. భారత ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్‌కు మొగ్గు చూపుతూ విధానం ప్రకటించింది. కేరళ అయితే ప్రభుత్వ బడుల్లో కంప్యూటరు చదువు మొత్తం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదకే మార్చి ఏళ్ళయింది. అక్కడి పల్లెటూరి టీచర్లు చేయగలిగింది గోదావరి జిల్లాల టీచర్లు చేయలేరని నేను నమ్మను.

నా దగ్గరికి వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ ప్రింటరువే. కొన్ని ప్రింటర్లు కేబుల్ తగిలించగానే పలుకుతాయి. కొన్నిటికి తయారీదారులు లినక్స్ డ్రైవర్ ఇవ్వరు. యంత్రానికి లోపల ఏ ఆజ్ఞలు పంపాలో బయటికి చెప్పరు కూడా. పార్సిలు చీటీలు తీసే ఒక థర్మల్ ప్రింటరు సంక్రాంతి ముందు, ఊళ్ళో పార్సిళ్ళు గుట్టలు పడే రోజుల్లో, ఇలాగే మొండికేస్తే దుకాణంవాళ్ళు చీటీలు చేత్తో రాసుకున్నారు. తమాషా ఏమిటంటే ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టిందే ప్రింటరు మీది కోపంతో. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు కొత్త లేజర్ ప్రింటరు వచ్చింది. అది వేరే అంతస్తులో ఉండేది. మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. ఇరుక్కున్నప్పుడు ప్రింటు పంపినవాళ్ళకు కబురు వెళ్ళేలా దాని సాఫ్ట్‌వేర్‌ను మారుద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు అనుకున్నాడు. లోపలి రాత అడిగితే ఇవ్వలేదు, బయటికి ఇవ్వకూడదని ముందే ఒప్పందం రాసుకున్నామన్నారు. అందుకే లోపలి రాత అందరికీ తెరిచి ఉండే వ్యవస్థ కట్టడానికి 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో హెల్సింకిలో 21 ఏళ్ళ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను, అంటే వ్యవస్థకు గుండె లాంటి భాగాన్ని, బయటపెట్టాడు. ఆ రెండూ కలిస్తేనే ఇవాళ నేను పాత లాప్‌టాప్‌లో ఎక్కించే వ్యవస్థ. నలభై ఏళ్ళు దాటినా ప్రింటరు దగ్గర మాత్రం పూర్తిగా గెలవలేదు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాటకు వస్తాను. ఇన్ని సౌకర్యాలు వాడుతున్నాం, వీటిని ఎవరు నడుపుతున్నారు?

మా మండలంలో లొల్ల లాకులు ఉన్నాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు మధ్య డెల్టాలోకి ఈ దారినే నడిచాయి. ప్రధాన కాలువ లాకుల దగ్గర చీలి కోనసీమ లోపలికి పోతుంది. నీళ్ళు అందరికీ కావాలి. కాని వేసవిలో కాలువ కట్టేశాక పూడిక తీయకపోతే, గుర్రపుడెక్క లాగెయ్యకపోతే, ఆ ఏడు చివరి పొలానికి చుక్క అందదు. కాలువ తవ్వినవాడి పేరు అందరికీ తెలుసు, విగ్రహాలు పెట్టుకున్నాం. ఏటా మోకాలి లోతు బురదలో దిగేవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అచ్చంగా అంతే. కొత్తది కట్టడం కన్నా కట్టినదాన్ని ఏళ్ళ తరబడి బాగు చేసుకుంటూ ఉండడమే పెద్ద పని. ఆ పని చేసేవాళ్ళు చాలా చోట్ల ఒకరో ఇద్దరో, అదీ సొంత తీరికలో.

2024లో జరిగిన ఒక సంఘటన నాకు నిద్రపట్టనివ్వలేదు. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. ఫైళ్ళను కుదించడం దాని పని. లినక్స్ నడిచే యంత్రాల్లో దాదాపు అన్నిటిలో ఉంటుంది. దాన్ని ఫిన్లాండుకు చెందిన లాసె కాలిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. అలసిపోయాడు, మనసు బాగోలేదని తనే బాహాటంగా రాసుకున్నాడు. అదే సమయంలో కొందరు ముఖం తెలియనివాళ్ళు పని ఆలస్యమవుతోందని, బాధ్యత ఇంకొకరికి అప్పగించమని ఆయన్ను నొక్కుతూ వచ్చారు. జియా తాన్ అనే పేరుతో మరొకరు సాయం చేస్తామని ముందుకొచ్చారు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళకు పైగా ఓపికగా మంచి పనులు చేసి నమ్మకం సంపాదించారు. చివరికి 2024 మొదట్లో వచ్చిన రెండు వెర్షన్లలో, సర్వర్లలోకి దొంగతనంగా దూరే దారి ఒకటి దాచారు. అది ప్రపంచమంతటికీ పాకి ఉంటే బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు ఎవరి చేతిలోకి పోయేవో ఊహించడానికే భయం వేస్తుంది.

పట్టుకున్నది ఎవరో తెలుసా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. అతను వెతుకుతున్నది దొంగను కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు వేగం కొలుస్తున్నాడు. దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి మామూలు కన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదల్లేదు. ఆ ఆలస్యం ఎక్కడిదో తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ దగ్గర తేలింది. 2024 మార్చి 29న అందరికీ చెప్పేశాడు. లోపలి రాత తెరిచి ఉండబట్టే అతనికి తవ్వడానికి వీలైంది. మరి దొంగ దూరింది కూడా ఆ తెరిచిన తలుపు గుండానే కదా అని మీరు అడగొచ్చు. నా జవాబు ఒకటే. దొంగ దూరింది తలుపు తెరిచి ఉన్నందుకు కాదు, లోపల ఒక్క మనిషే ఉన్నందుకు. ఆ మనిషి అలసిపోయినందుకు. కోట్ల మంది వాడుకుంటూ ఒక్కరూ వెళ్ళి "నీకు తోడుంటాం" అని నిజాయితీగా అననందుకు. 2014లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడూ ఇదే తెలిసింది. ప్రపంచపు వ్యాపారాల రహస్యాలు కాపాడే ఆ ప్రోగ్రాంను నడుపుతున్నది గుప్పెడు మందే.

తోడుండడం అంటే అందరూ ప్రోగ్రాములు రాయడం కాదు. రాజమండ్రి, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలు బోలెడు. ఆ పిల్లలు నా దగ్గరికి వచ్చి, ఓపెన్ సోర్స్‌లో పని చేస్తే ఉద్యోగానికి పనికొస్తుందా అని అడుగుతారు. వస్తుంది, తప్పేమీ లేదు. 2005 నుంచి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే కార్యక్రమం ఇలాంటి పిల్లలకు వేసవిలో భృతి ఇచ్చి పని నేర్పిస్తోంది. కాని ఒక్క మాట వాళ్ళకు గట్టిగా చెప్తాను. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్‌కు సాయం చేసినవాళ్ళకు టీషర్టు ఇచ్చే ఒక కార్యక్రమంలో, ఆ బహుమతి కోసం ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది పిల్లలు ఒక కామా కలిపీ, ఒక మాట మార్చీ ప్రాజెక్టుల మీద పడ్డారు. అప్పటికే అలసి ఉన్నవాళ్ళు ఆ చెత్త ఏరుకోవడానికి రోజులు ఖర్చు పెట్టాల్సి వచ్చింది. ఆ కార్యక్రమం నిర్వాహకులు మధ్యలోనే నియమాలు మార్చుకున్నారు. సాయం పేరుతో బరువు పెంచకూడదు. ముందు ఆ ప్రోగ్రాంను నెలల తరబడి వాడండి. ఎక్కడ నొప్పి పుడుతుందో అప్పుడే తెలుస్తుంది.

హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ ఏళ్ళ తరబడి తెలుగులో లినక్స్ తేవడానికి, కళాశాలల్లో విద్యార్థి బృందాలు కట్టడానికి పని చేస్తోంది. తెలుగు అనువాదాలకు చేతులు కావాలి. మెనూల అనువాదం చాలా ప్రోగ్రాముల్లో సగంలో ఆగి ఉంది. మొదట ఉత్సాహంగా చేసినవాళ్ళు ఉద్యోగాల్లో, సంసారాల్లో పడిపోయారు. ఇంగ్లీషు మెనూకే అలవాటు పడ్డాం గదా, ఎవరికి కావాలి అంటారు కొందరు. లేబుల్ మీద తెలుగు అడిగిన ఆవిడ అత్తగారికి కావాలి.

డబ్బు కూడా అవసరమే, ఆ మాట దాచనక్కర్లేదు. పదిమందీ కొద్దికొద్దిగా ఇస్తే ఒక మనిషి పూర్తి సమయం పని చేయగలడు. మన యూపీఐతో చాలా విదేశీ ప్రాజెక్టులకు పంపే వీలు ఇంకా లేదు. అంతర్జాతీయ చెల్లింపులు తెరిచిన కార్డు ఉండాలి. అది ఉన్న మన పిల్లలు అమెరికాలో, హైదరాబాదులో కావలసినంత మంది. ఊరికి వచ్చినప్పుడు గుడికీ బడికీ చందా రాస్తారు. అదే చేత్తో తాము రోజూ వాడే ప్రోగ్రాముకీ ఒకటి రాయమని నేను అడుగుతూనే ఉంటాను. కొందరు రాస్తున్నారు.

డబ్బూ లేదు, ప్రోగ్రాములూ రావు అనేవాళ్ళు చేయగలిగిన మంచి పని ఒకటుంది. తప్పు కనబడితే చెప్పడం. మా లేబుల్లో 'నెయ్యి' అన్న మాట కింద య వత్తు కింది గీతకు తగిలి సగం తెగిపోయేది. మన వత్తులు ఇంగ్లీషు అక్షరాలకన్నా కిందికి దిగుతాయి. వరసకూ వరసకూ మధ్య చోటు ఇంగ్లీషును బట్టి లెక్కవేస్తే అవి తెగుతాయి. డీటీపీ షాపు కుర్రాడు వరసల ఎడం పెంచి అప్పటికి పని గడిపేశాడు. దాంతో ఊరుకోకుండా ఆ ప్రోగ్రాం చూసుకునేవాళ్ళకు ఫిర్యాదు కూడా రాశాం. అవతలి నుంచి ఒక అపరిచితుడు మర్యాదగా, ఏ వెర్షనో, ఏ ఫాంటో, ఏ సైజులో తెగుతోందో అడిగాడు. ఆ మూడూ మేం ముందే రాసి ఉంటే అతనికి ఒక పూట కలిసొచ్చేది.

కాబట్టి మీరు రాసేటప్పుడు "తెలుగు సరిగ్గా రావట్లేదు" అని ఒక్క ముక్కతో ఆపకండి. ఫోనా, కంప్యూటరా, ఏ ప్రోగ్రాం, దాని వెర్షన్ నంబరు, ఫాంటు పేరు చెప్పండి. మీరు వరసగా ఏం నొక్కారో, ఏం రావాలో, ఏం వచ్చిందో చెప్పండి. అదే ఫిర్యాదు ఇదివరకే ఎవరైనా ఇచ్చారేమో ఒకసారి వెతకండి. ఉంటే కొత్తది పెట్టకుండా దానికిందే మీదీ చేర్చండి. ఇంగ్లీషు అంత బాగా రాదని వెనకాడకండి, వాళ్ళకు చిన్న చిన్న వాక్యాలే చాలు. తెర మీద కనబడుతున్న తప్పు రూపాన్ని బొమ్మగా తీసి జతచేయండి. దాని పక్కన, సరైన అక్షరం ఎలా ఉండాలో తెల్లకాగితం మీద చేత్తో పెద్దగా రాసి ఆ ఫొటో కూడా పెట్టండి. సరిచేసే మనిషికి తెలుగు చదవడం రాకపోవచ్చు. మీ చేతిరాత చూసే అతను దిద్దుతాడు.